చెరువు గట్టున మాట్లాడే మెషీన్: ముందు మనిషితో నడపాలా, నేరుగా బాట్ పెట్టాలా?

భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు ఇంజనీరింగ్ పిల్లలు ఈ మధ్య ప్రాజెక్టు గురించి అడగడానికి వస్తే, చాలామంది తెచ్చే ఐడియా ఒకటే. రొయ్యల రైతు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడితే తెలుగులోనే జవాబు చెప్పే సిస్టం. ఐడియాకు నేను వంక పెట్టను. మా చుట్టాల్లోనే ముగ్గురు చెరువులు లీజుకు తీసుకుని, రాత్రిళ్లు ఏరియేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాల) చప్పుడు వింటూ కునుకు తీస్తుంటారు. కాకపోతే ఈ పిల్లలు నా దగ్గరికి వచ్చేసరికే కోడ్ సగం రాసేసి ఉంటారు. రైతు దాంతో ఎలా మాట్లాడతాడని అడిగితే "మామూలుగానే మాట్లాడతారు కదండీ" అంటారు.

మామూలుగా మాట్లాడరు. మనిషితో మాట్లాడే తీరు వేరు, మెషీన్ అనుకున్నప్పుడు మాట్లాడే తీరు వేరు. ఆ తేడాను మెషీన్ పూర్తిగా తయారు కాకముందే చూడాలంటే మూడు నాలుగు దారులున్నాయి. ఏది ఎంచుకోవాలో తేల్చే ప్రశ్న ఒక్కటే: మీకు తెలియనిది ఏమిటి? రైతు ఏమడుగుతాడో, ఎలా అడుగుతాడో తెలియదా? లేక ఆ అడిగింది మెషీన్‌కు వినబడుతుందో లేదో తెలియదా? మొదటిదానికి మనిషి కావాలి. రెండోదానికి మెషీనే కావాలి. ఒకదాని పని ఇంకోదానితో చేయించబోతే సెమిస్టర్ మొత్తం గోదాట్లో పోసినట్టే.

ముందు ఊరికే వినడం

అన్నిటికంటే చవకైన దారి ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. రైతులు ఇప్పటికే ఎవరికో ఒకరికి ఫోన్ చేస్తూనే ఉన్నారు. మేత కంపెనీ టెక్నీషియన్‌కి, సీడ్, అంటే రొయ్య పిల్లలు, అమ్మిన హేచరీ వాళ్లకి, పక్క చెరువు అన్నయ్యకి. కిసాన్ కాల్ సెంటర్లయితే 2004 నుంచీ నడుస్తున్నాయి. ఇద్దరి అనుమతీ తీసుకుని ఒక టెక్నీషియన్ పక్కన వారం రోజులు కూర్చోండి. ఏ కంప్యూటరూ అక్కర్లేదు, నోట్‌బుక్ చాలు.

ఏం దొరుకుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. వంద కౌంటు యాభై కౌంటుకు వచ్చిందంటే రొయ్య పెరిగిందన్నమాట. "కౌంటు బాగా తగ్గిందండి" అని రైతు సంతోషంగా చెబుతాడు. తగ్గింది అన్న మాట వినగానే అయ్యో పాపం అనే మెషీన్‌ను మన పిల్లలు ఎంత తేలిగ్గా తయారు చేయగలరో ఆలోచించండి. "పిల్ల" అంటే సీడ్. "తేలుతున్నాయి" అంటే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి వచ్చేస్తున్నాయని. ఈ మాటల పట్టిక లేకుండా మిగతా ఏ పద్ధతికీ వెళ్లకండి.

అయితే దీనికో హద్దు ఉంది. టెక్నీషియన్‌తో మాట్లాడేటప్పుడు రైతు ముందు కుశలం అడుగుతాడు, వాన గురించి మాట్లాడతాడు, మధ్యలో "ఆయ్, ఆయ్" అంటాడు, నిన్న చెప్పింది గుర్తుందనుకుని "అదేనండి, ఆ చెరువే" అంటాడు. మెషీన్ అనుకుంటే మాటలు కుదించుకుంటాడు. అది, ఇది అనకుండా పేరు పెట్టి చెబుతాడు. కాబట్టి ఇక్కడ మాటలు, ప్రశ్నలు దొరుకుతాయి. మెషీన్‌తో మాట్లాడే తీరు దొరకదు.

తెర వెనక మనిషి

తోలుబొమ్మలాటలో తెర ముందు బొమ్మ మాట్లాడినట్టే ఉంటుంది, గొంతు వెనకున్న మనిషిది. ఈ పద్ధతి కూడా అంతే. రైతు మెషీన్‌తో మాట్లాడుతున్నాననుకుంటాడు. వెనక గదిలో మీలో ఒకరు కూర్చుని విని, జవాబు ఎంచి పంపుతుంటారు. ఇంగ్లీషువాళ్లు దీన్ని విజార్డ్ ఆఫ్ ఓజ్ అంటారు. తెర చాటున కూర్చుని తాను మహా మాంత్రికుణ్ణని జనాన్ని నమ్మించిన ఒక కథలోని పాత్ర మీదుగా వచ్చిన పేరది. మనిషిని దాచి యంత్రంగా చూపించే ముచ్చట అంతకంటే పాతదే. 1770లో వోల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ తయారు చేసిన చదరంగం ఆడే బొమ్మ లోపల కూడా మనిషే కూర్చునేవాడు. కాకపోతే అది మోసం, ఇది పరిశోధన. తేడా ఎక్కడుందో తర్వాత చెబుతాను.

పరిశోధన పద్ధతిగా దీనికి ఆ పేరు స్థిరపడింది 1980ల మొదట్లో, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జె. ఎఫ్. కెల్లీ చేసిన పనితో. మామూలు ఇంగ్లీషులో టైప్ చేస్తే అర్థం చేసుకునే క్యాలెండర్ ప్రోగ్రాం ఆయనది. మొదట్లో జవాబులన్నీ మనిషే ఇచ్చాడు. జనం వాడిన మాటలు చూసుకుంటూ ప్రోగ్రాంను పెంచుతూ, మనిషి జోక్యాన్ని తగ్గిస్తూ పోయాడు. ఈ "తగ్గిస్తూ పోవడం" అన్నదే మనవాళ్లు మర్చిపోయేది. ఒక రోజు డెమో పెట్టి, నాలుగు ఫొటోలు దిగి, అయిపోయిందంటారు.

దాదాపు అదే కాలంలో, 1983లో, ఐబీఎంలో గౌల్డ్, ఆయన సహచరులు ఇంకో ప్రయోగం ప్రచురించారు. చెబుతుంటే తనే టైప్ చేసే యంత్రం అప్పటికి లేదు. అందుకని మాట్లాడేవాళ్లను ఒకచోట, టైపిస్టును ఇంకోచోట కూర్చోబెట్టి ఉత్తరాలు చెప్పించారు. యంత్రానికి తక్కువ మాటలే వచ్చినట్టు ఒకసారి, అన్నీ వచ్చినట్టు ఒకసారి. మాట మాటకీ ఆగి చెప్పమని ఒకసారి, ధారగా చెప్పమని ఒకసారి. ఆగి ఆగి చెప్పాల్సి వచ్చినా, యంత్రానికి మాటలు చాలినన్ని వస్తే అది పనికొచ్చేదేనని తేలింది. లేని యంత్రం గురించి అంత కచ్చితమైన ప్రశ్న వేసి జవాబు రాబట్టడం చూస్తే ఇప్పటికీ నాకు ముచ్చటేస్తుంది.

మీ పనికి ఈ దారి సరిపోతుందా? 1991లో ఫ్రేజర్, గిల్బర్ట్ అన్న ఇద్దరు పరిశోధకులు మూడు షరతులు చెప్పారు. రాబోయే సిస్టం చేసే పనిని మనిషి చేయగలగాలి. ఆ సిస్టం ఎలా ప్రవర్తిస్తుందో ముందే రాసిపెట్టగలగాలి. చూసేవాళ్లు నమ్మేలా నడపగలగాలి. మన దగ్గర మొదటిదానికి, మూడోదానికి పెద్ద ఇబ్బంది లేదు. అందరూ బోల్తా పడేది రెండోదాని దగ్గరే.

మా ట్రయల్లో ఏమైందో చెబుతాను. ఆకివీడు వైపు చెరువుల కుటుంబం నుంచి వచ్చిన కుర్రాణ్ణి తెర వెనక కూర్చోబెట్టాం. రైతు "మొన్నటి లాగే అయిందండి, వాసన కూడా వస్తోంది" అంటే వాడికి అంతా అర్థమైపోయింది. అడగాల్సింది అడిగాడు, చెప్పాల్సింది చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తీరా చూస్తే మేం పరీక్షించింది సిస్టంను కాదు, ఆ కుర్రాడి పెంపకాన్ని. అంత తెలివైన మెషీన్‌ను మేమెలాగూ తయారు చేయలేం.

తర్వాత వాడి చేతులు కట్టేశాం. రైతు గొంతు వాడికి వినబడదు. ఫోన్ మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఏం రాస్తే అది మాత్రమే తెర మీద కనబడుతుంది. సొంతంగా టైప్ చేయకూడదు. ముందే రాసిపెట్టుకున్న జవాబుల్లోంచి ఒకటి నొక్కాలి. సరిపోయేది లేకపోతే "అర్థం కాలేదండి, ఇంకోసారి చెప్పండి" అన్నదే నొక్కాలి. వరసగా రెండుసార్లు అలా అయితే టెక్నీషియన్‌కి కలుపుతామని చెప్పాలి. ఈ నియమాలు కాగితం మీద రాసి వాడి ముందు అంటించాం. "లక్షన్నర పిల్ల వేశానండి" అంటే తెర మీద "లక్షణం పిల్ల" అని పడింది. కుర్రాడు నవ్వుకున్నాడు గానీ, నియమం ప్రకారం "అర్థం కాలేదండి" నొక్కాడు. అసలైన స్టడీ అప్పుడు మొదలైంది.

ఇంకో తలనొప్పి ఆలస్యం. మనుషులు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడేటప్పుడు మధ్య ఖాళీ సగటున సెకనులో ఐదో వంతే ఉంటుందని పది భాషల మీద చేసిన ఒక అధ్యయనం 2009లో చెప్పింది. తెర వెనక మనిషి చదివి, వెతికి, నొక్కేసరికి ఐదారు సెకన్లు పడుతుంది. ఈలోపు రైతు "హలో... హలో... లైనులో ఉన్నారాండి?" అంటాడు. "చూస్తున్నానండి, ఒక్క నిమిషం" అన్న మాటకు ఒక బటన్ పెట్టుకోండి. జవాబులు మాత్రం మీ గొంతుతో వద్దు. కంప్యూటర్ గొంతుతోనే చదివించండి. మా వాడి గొంతు ఒక్కసారి బయటపడగానే అవతలి పెద్దాయన "మీది ఏ ఊరు బాబూ?" అని మొదలెట్టాడు.

నేరుగా బాట్ పెట్టేయడం

చాట్‌జీపీటీ లాంటివి తెలుగు మాట్లాడుతుంటే ఇంకా తెర వెనక మనిషి ఎందుకండీ అంటారు పిల్లలు. న్యాయమైన ప్రశ్నే. వాటితో సాయంత్రానికల్లా, తనంతట తనే జవాబిచ్చే బాట్ తయారవుతుంది, నిద్రపోదు, వందమంది ఒకేసారి ఫోన్ చేసినా అలసిపోదు. అసలైన చప్పుడులో, అసలైన ఫోన్ మీద, అసలైన యాసలో ఏమవుతుందో తేల్చేది ఇదొక్కటే.

మనిషి దాచేసే ఒక విషయం బాట్ పెట్టినప్పుడే బయటపడింది మాకు. గోదావరి జిల్లాల్లో అవతలివాళ్లు చెబుతున్నది వింటున్నామని తెలియడానికి మధ్యమధ్యలో "ఆయ్" అంటాం. అది మర్యాద. రైతు అలా అన్న ప్రతిసారీ బాట్ తన మాట మధ్యలో ఆపేసింది, ఆయన ఏదో చెప్పబోతున్నాడనుకుని. ఆయన ఆగాడు, అది ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది, ఆయన మళ్లీ "ఆయ్" అన్నాడు. నాలుగుసార్లయ్యాక ఫోన్ పెట్టేశాడు. తెర వెనక మనిషితో చేసిన కాల్స్‌లో ఈ సమస్య ఒక్కసారి కూడా కనబడలేదు. ఎందుకంటే నొక్కిన జవాబు చివరిదాకా ఆడటమే మా ఏర్పాటు, మధ్యలో ఆపే వీలే లేదు. మాకు తెలియకుండానే ఆ గోతిని మేమే కప్పేశాం. బాట్‌తో ఒక్క రోజైనా పరీక్షించండి అనేది ఇందుకే.

మరి ఎందుకు వెనకాడతాను? మొదటిది, ఈ బాట్ నేడొక రకంగా, రేపొక రకంగా జవాబిస్తుంది. రైతు తీరు మారిందా, బాట్ తీరు మారిందా అన్నది తేలదు. రెండోది పెద్దది. అది నమ్మకంగా తప్పు చెబుతుంది. చెరువులో లక్షల రూపాయల పంట ఉంటుంది. ఏ మందు ఎంత వేయాలో అడిగితే ఏదో ఒక అంకె చెప్పేస్తుంది. రొయ్యల సాగులో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయాటిక్స్ నిషేధం; వాటి ఆనవాళ్లు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. స్టడీ పేరుతో ఇచ్చిన సలహా విని రైతు నిజంగానే చెరువులో ఏదో కలిపితే ఎవరిది బాధ్యత? ఏ పద్ధతి ఎంచుకున్నా మందులు, మోతాదుల ప్రశ్నలకు జవాబు ఒక్కటే ఉండాలి: "దీనికి టెక్నీషియన్‌ను అడగండి." తెర వెనక మనిషి చేత ఆ నియమం పాటింపజేయడం తేలిక. బాట్ చేత కష్టం.

సగం మనిషి, సగం మెషీన్

నన్ను ఒకటే చెప్పమంటే ఇది చెబుతాను. వినడం మెషీన్ పని, మాట్లాడటం మెషీన్ పని, మధ్యలో ఏం జవాబివ్వాలో ఎంచడం మనిషి పని. పైన మా కుర్రాడి చేతులు కట్టేశాక మిగిలింది దాదాపు ఇదే. ఇప్పుడైతే జవాబు ముసాయిదాను బాట్ చేత రాయించి, మనిషి చూసి వదలడం కూడా చేయొచ్చు. కానీ కొన్నాళ్లకు మనిషి చూడకుండానే "సరే" నొక్కడం అలవాటైపోతుంది, ఆ జాగ్రత్త ఉండాలి. మొదటి వారం మనిషి చేత ఎక్కువ పని, మూడో వారానికి తక్కువ. చివర్లో ఒకటి రెండు రోజులు పూర్తి బాట్, పక్కన టెక్నీషియన్‌ను కూర్చోబెట్టుకుని.

దీనికి కావాల్సిన మనుషులు తక్కువే. వెనక ఇద్దరు, ఒకరు జవాబులు నొక్కడానికి, ఇంకొకరు రాసుకోవడానికి. ఒక్కరే రెండూ చేస్తే రెండూ చెడతాయి. మొదటి విడతకు పది పన్నెండు మంది రైతులు చాలంటాను. ఆ పన్నెండు మందిలోనూ చెరువు యజమాని, గట్టు మీద పాకలో ఉండి మేత వేసే మనిషి, ఇద్దరూ ఉండాలి. భీమవరంలో ఇంట్లో కూర్చుని మాట్లాడే ఆసామి "డీఓ ఎంతుంది" అంటాడు, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంతని. గట్టు మీద మనిషి "నీళ్లు బాలేవు" అంటాడు. ఎక్కువసార్లు ఫోన్ చేయాల్సి వచ్చేది రెండో మనిషికే.

మెనూలో బటన్లు నొక్కి సర్టిఫికెట్టో బిల్లో తెచ్చుకునే రకం సర్వీసు చేస్తున్నవాళ్లకు ఇదంతా అనవసరం. 2025 జనవరిలో మన రాష్ట్రంలో వాట్సాప్‌లో వచ్చిన మన మిత్ర తరహా పని అది. అక్కడ జనం వాక్యాలు మాట్లాడాల్సిన పనే తక్కువ. బటన్ల మీది మాటలు కాగితం మీద రాసి నలుగురికి చూపించినా సగం తప్పులు దొరుకుతాయి.

ప్రశ్న ఎలా ఇవ్వాలి, ఏ టైంలో చేయాలి

"మీ చెరువులో డీఓ తగ్గిందనుకోండి, మెషీన్‌ను అడగండి" అని చెబితే రైతు ఫోన్ ఎత్తి "డీఓ తగ్గింది" అంటాడు. మీ మాటే మీకు తిరిగి వచ్చింది. స్టడీల్లో ఇది పాత జబ్బు. ఫొటో చూపించండి: తెల్లవారుజామున గట్టు దగ్గర రొయ్యలు పైకి తేలిన చెరువు. "ఇది చూశారు, ఏమంటారు?" అనండి. ఆయన సొంత మాట బయటకొస్తుంది.

కాలేజీ ల్యాబుకు రైతును పిలిచి ఏసీ గదిలో కూర్చోబెట్టడం మాత్రం వద్దు. అక్కడ ఏరియేటర్ల చప్పుడు ఉండదు, చేతులకు మేత అంటుకుని ఉండదు, ఫోన్ సిగ్నల్ బాగుంటుంది. ఇంకో సంగతి. రాత్రంతా నీటిలోని ప్లవకాలు (నీళ్లలో తేలే సన్నటి నాచు) ఆక్సిజన్ తయారు చేయవు, పైగా వాడుకుంటాయి. అందువల్ల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది సరిగ్గా పొద్దు పొడవక ముందే. రైతుకు అసలు టెన్షన్ అప్పుడు. మీ తెర వెనక మనిషి తెల్లవారుజామున నాలుగింటికి లేచి కూర్చోగలడా? లేడంటే, ఆ వేళ కాల్స్‌కు బాట్‌నే పెట్టి, మోతాదు ప్రశ్నలు వస్తే నేరుగా టెక్నీషియన్ ఫోన్‌కు కలిపే ఏర్పాటు చేసుకోండి. పగలు పదింటికి చేసిన కాల్స్ మాత్రమే చూసి రైతులు ప్రశాంతంగా మాట్లాడతారని రాసేయకండి.

చెప్పాలా, వద్దా

చదరంగం బొమ్మకూ మనకూ తేడా అన్నాను కదా, అది ఇక్కడే. ముందు అనుమతి, వెనక నిజం. రికార్డు చేస్తున్నామని, ఎప్పుడైనా మానేయవచ్చని, గొంతు ఎవరి దగ్గర ఉంటుందో, ఎప్పుడు తీసేస్తారో ముందే తెలుగులో చెప్పండి. వ్యక్తిగత సమాచారం మీద 2023లో వచ్చిన చట్టం ఉండనే ఉంది. అది లేకపోయినా చెప్పాల్సిందే. పద్దెనిమిది నిండని పిల్లల్ని అసలు పిలవకండి.

మనిషి ఉన్న సంగతి మాత్రం ముందే చెబితే స్టడీ చెడుతుందని కొందరు, చెప్పకపోతే మోసమని కొందరు వాదిస్తారు. నేను మధ్య దారి పడతాను. "ఈ సిస్టం ఇంకా తయారవుతోంది, కొన్నిచోట్ల మా వాళ్లు చేయి వేస్తారు" అని మొదట్లోనే ఒక మాట అనేస్తాను. ఎక్కడ, ఎంత అన్నది చివర్లో వివరంగా చెబుతాను. ఆ మాట విన్నాక కూడా ఐదో నిమిషానికల్లా అందరూ దాంతో మెషీన్‌తో మాట్లాడినట్టే మాట్లాడటం చూశాను. ఒక్క జాగ్రత్త: ఒక ఊళ్లో సెషన్లన్నీ ఒకే రోజు ముగించండి. పొద్దున ఒకరికి పూర్తి గుట్టు విప్పితే సాయంత్రానికి టీకొట్టు దగ్గర ఊరంతటికీ తెలిసిపోతుంది, మర్నాడు వచ్చే రైతు మెషీన్‌తో మాట్లాడడు, మీ కుర్రాడితో మాట్లాడతాడు.

గుట్టు విప్పాక రికార్డర్ ఆపకండి, ఆ పది నిమిషాలకూ అనుమతి అడిగి ఉంచుకోండి. వెనక కుర్రాడున్నాడని చెప్పగానే ఒకాయన కాసేపు నవ్వి, "మనిషేనా? ముందే తెలిస్తే మేత అప్పు సంగతి కూడా అడిగేవాణ్ణి కదండీ" అన్నాడు. మెషీన్‌ను ఎందుకు అడగలేదండీ అంటే, "దానికేం తెలుస్తుందండి నా అప్పు" అన్నాడు. మేం రాసిపెట్టుకున్న జవాబుల్లో అప్పు గురించి ఒక్కటీ లేదు.